వెన్నుసూది వేసిన పిమ్మట వచ్చు తలనొప్పి

సేద్యమునకును సహకారమునకును సంబంధించిన పత్రికలో వెన్నుసూదిని గూర్చిన వ్యాసమేల యని సభ్యులలో కొందఱు తలంపవచ్చును. వేరుసెనగలో ఆకుమచ్చను గూర్చియు, చెఱకునకు ఎరువును గూర్చియు చెప్పుటకై మేము గ్రామములకు పోవునపుడు, చేనిగట్టున పంటమాట ముగిసిన పిమ్మట ఇంటిమాట వచ్చుచుండును. అట్టి మాటలలో పలుమారు వినవచ్చుచున్న దొకటి గలదు. "కోడలికి ఆపరేషను జేసి బిడ్డను దీసినారయ్యా. నడుములో సూది ఏసినారు. ఇంటికొచ్చినప్పటి నుంచి తల ఎత్తలేకుండా ఉండాది. ఇది సూదివల్లనా, చలివల్లనా?"

ఈ ప్రశ్న ఒక యింటిది కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున నూఱు ప్రసవములలో 42, తెలంగాణమున 60 సిజేరియన్ శస్త్రచికిత్సచే జరిగినవి. వీనిలో అధికభాగమునకు మత్తు వెన్నుసూది ద్వారానే యిత్తురు. కాలు విఱిగినపుడును, వరిబీజము, మొలలు మొదలగువాని శస్త్రచికిత్సలందును ఈ సూదియే వాడుక. కావున సంఘ సభ్యులలో ఈ సూది యెఱుగని యిల్లు అరుదని చెప్పవచ్చును.

మేము వైద్యులము కాము. చికిత్స వైద్యునిది. అయినను గుఱుతు పట్టవలసినది ఇంటివారే గదా. వైద్యశాస్త్రము నిశ్చయించిన సంగతులను మన మాటలలో చెప్పి, ఆ గుఱుతులు తెలుపుటయే మా యుద్దేశము.

వెన్నుసూది యన నేమి?

మెదడును, దానినుండి వెన్నెముక గొట్టములోనికి దిగిన వెన్నుపామును తేటయైన యొక నీటిలో తేలుచుండును. ఆ నీటిచుట్టును గట్టిపొర యొకటి సంచివలె నున్నది. పెద్దవారిలో ఈ నీరు ఇంచుమించు 150 మిల్లీలీటర్లు మాత్రమే. శరీరము దినమునకు 500 మిల్లీలీటర్ల వఱకు దీనిని ఊరించుచు, ఊరినదానిని రక్తములోనికి మరల తీసికొనుచుండును. ఊటబావిలో నీటిమట్టము నిలిచియున్నట్లు, ఊటయు తీఱుటయు సరిపోయినంత కాలము ఆ సంచి నిండుగ నుండును.

పెద్దవారిలో వెన్నుపాము నడుము పూసలలో మొదటి రెండింటి కడనే ముగియును. మత్తువైద్యుడు దానికి క్రిందుగా, సాధారణముగా మూడవ నాలుగవ పూసల నడుమ, సూదిని గ్రుచ్చును. అచ్చట వెన్నుపాము లేదు. గుఱ్ఱపు తోకవలె వ్రేలాడు నరములు మాత్రము నీటిలో తేలుచు, సూది వచ్చినపుడు సామాన్యముగా ప్రక్కకు తొలగును. "వెన్నుపాములోనే గ్రుచ్చినారు" అని పలువురు భయపడుట సరికాదు.

ఈ సూది కొన్ని వేర్వేరు పనులకు వాడబడును. సంచిలోనికి మందు పంపి నడుము క్రింది భాగమును మొద్దుబార్చుట యొకటి. సంచిని పొడువక దాని వెలుపలనే సన్నని గొట్టమునుంచి మందిచ్చు ఎపిడ్యూరల్ పద్ధతి రెండవది. నడుమునొప్పికి ఆ వెలుపలి తావుననే స్టెరాయిడ్ మందు నెక్కించుటయు దీని జాతిలోనిదే. మెదడు జ్వరము మొదలగువానిని పరీక్షించుటకై సంచినుండి కొంత నీరు తీయుట మూడవది.

నొప్పి యేల వచ్చును?

చెఱువుకట్టలో ఎండ్రకాయ బొక్క చేసిన నేమగునో రైతునకు చెప్పవలసిన పనిలేదు. బొక్క చిన్నదే, కాని రేయింబవళ్లు కాఱుచుండును. సూది పోయినదారిని సంచికి పడిన రంధ్రము పూడక నీరు కాఱినయెడల, ఊటకంటె కాఱుట మించి సంచిలో నీరు తగ్గును. మనిషి పండుకొని యుండగా మెదడు ఆనియుండును. లేచి కూర్చుండినంతనే ఆధారముగానున్న నీరు చాలక మెదడు కొంచెము క్రిందికి జాఱి, నొప్పి నెఱిగెడు పొరలను లాగును. లోటును పూరించుటకై తలలోని రక్తనాళములు ఉబ్బును. ఇదియే ఆ తలనొప్పికి మూలము.

దీనిని తొలుత వర్ణించినవాడు తానే దాని ననుభవించెను. 1898 ఆగస్టు మాసమున జర్మనీ దేశపు కీల్ పట్టణములో ఆగస్ట్ బీర్ అను శస్త్రవైద్యుడు కొకెయిన్ మందును వెన్నులోనికి పంపి శస్త్రచికిత్సలు చేసెను. రోగులలో కొందఱికి తలనొప్పియు వాంతులును కలుగుట చూచి, కారణము నెఱుగగోరి తన సహాయకుడగు హిల్డెబ్రాంట్ చేత తన వెన్నునకే సూది వేయించుకొనెను. సూదికి పిచికారి సరిగా అమరకపోవుటచే నీరు చాల కాఱిపోయెను. పిమ్మట బీర్ తొమ్మిదిదినములు తలనొప్పిచే మంచము పట్టెను. పండుకొనిన తగ్గుచు, లేచిన వచ్చుచుండెను. నీరు కాఱుటయే కారణమని ఆయన ఊహించెను. నూటయిరువది యేండ్లు గడచినను ఆ యూహ చెడలేదు.

గుఱుతు పట్టు విధము

ఈ నొప్పి సూది వేసిన నాడే కాక, సాధారణముగా రెండవ మూడవ దినములలో ఆరంభమగును. అయిదుదినములు దాటినపిమ్మట క్రొత్తగా వచ్చుట అరుదు. నుదుటను, తలవెనుకను, మెడవఱకు నుండును. కూర్చుండినను నిలిచినను నిమిషములలో హెచ్చి, పండుకొనిన తగ్గును. దీనితో మెడ బిగియుట, వికారము, చెవులలో హోరు, వినికిడి మందగించుట గలుగవచ్చును. కంటిని ప్రక్కకు త్రిప్పు నరము లాగుడు పడుటచే ఒక వస్తువు రెండుగా కనబడుటయు అప్పుడప్పుడు కలదు.

వయసులోనున్న స్త్రీలకు, అందును ప్రసవించినవారికి, ఇది హెచ్చు. బాలింత బిడ్డకు పాలిచ్చుటకు లేచి కూర్చుండవలసినదే గదా. లేచినపుడెల్ల తల పగులుచుండగా బిడ్డను దింపి పండుకొనును. చూచువారికి అది సోమరితనముగా తోచును. చంద్రగిరి ప్రాంతమున మా యెఱుకలోని యొక యింట, "మేము కాన్పయిన మూడోనాడే కసువు చిమ్మినాము" అని యత్త విసువుకొనుచుండగా, కోడలు గోడవైపు తిరిగి కన్నీరు గార్చుచుండెను. పండుకొనిన నొప్పి పోవుచున్నదని యామె చెప్పినమాటయే వ్యాధియొక్క గుఱుతని ఇంటివారికి తెలియదు. తెలిసిన పిమ్మట సూది వేసిన చోటికే తీసికొనిపోయి, చికిత్స పొంది, నాలుగుదినములలో లేచి తిరిగినది.

సూదిమొన యొక్క మహిమ

బస్తాలోని గింజను చూచుటకై వర్తకుడు మొనదేలిన ఇనుపగొట్టమును గ్రుచ్చి తీయును. గోనెపోగులు ప్రక్కకు తొలగి, గొట్టము తీసినంతనే మరల చేరును. అదే బస్తాను కత్తితో పొడిచినచో పోగులు తెగి గింజ కాఱుచుండును. వెన్నుసూదులలోను ఈ భేదమే గలదు. పూర్వపు సూదులు కోయు మొనగలవి. 1951లో విటేకర్ మాదిరియు, 1987లో స్ప్రాటీ మాదిరియు వచ్చినవి. ఇవి పెన్సిలు మొనవలె నుండి పొరను కోయక త్రోసికొని పోవును. సన్నని పెన్సిలుమొన సూది వాడినచో ఈ తలనొప్పి నూటికి ఒకరికి అటునిటుగా మాత్రమే వచ్చును. ఎపిడ్యూరల్ సూది మిక్కిలి లావైనది. అది పొరపాటున సంచిని పొడిచినయెడల ప్రసవించు స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి తలనొప్పి కలుగును. శస్త్రచికిత్సకు ముందు "సూది సన్ననిదియేనా, పెన్సిలు మొనదియేనా?" అని మత్తువైద్యుని మర్యాదగా అడుగుటలో తప్పులేదు. విత్తనము కొనునపుడు మొలకశాతము నడుగుట లేదా?

చికిత్స

పలువురికి ఈ నొప్పి ఒకటి రెండు వారములలో తనంతట తగ్గును. వైద్యుడు చెప్పిన నొప్పిమాత్రలు, చాలినంత నీరు, బాధ యున్నపుడు పండుకొనుట, ఇవి మొదటి యుపాయములు. కాఫీలోని కెఫీన్ కొంతసేపు ఉపశమనము నీయగలదు. సూది వేసిన వెంటనే దినమంతయు కదలక పండుకొనియుండిన ఈ నొప్పి రాదని పూర్వము తలంచిరి. పరిశోధనలలో అది నిలువలేదు.

నొప్పి కఠినమై లేవనీయనిచో మఱియొక యుపాయము గలదు. 1960లో అమెరికా వైద్యుడు గోర్మ్లీ, సూది వేయునపుడు కొంచెము రక్తము చిందిన రోగులకు తలనొప్పి తక్కువగా నుండుట గమనించి, రోగియొక్క రక్తమునే సంచి వెలుపల నెక్కించి చూచెను. నేడు రోగి చేతినుండి ఇంచుమించు 15 నుండి 20 మిల్లీలీటర్ల రక్తము తీసి, రంధ్రమున్న తావున సంచి వెలుపల నెక్కింతురు. ఆ రక్తము గడ్డకట్టి, కట్టబొక్కలో మెత్తిన బంకమన్నువలె కాఱుటను ఆపును. పలువురికి కొద్దిగంటలలోనే సుఖము కలుగును. ఒక్కొక్కరికి రెండవమారు చేయవలసివచ్చును. జ్వరము గలవారికిని, రక్తము గడ్డకట్టని దోషము గలవారికిని దీనిని చేయరు.

తలనొప్పులన్నియు ఒకటి కావు

వేరుసెనగ ఆకు పసుపువాఱిన, ఇనుము చాలక కావచ్చును, నీరు నిలిచి కావచ్చును, వేరు కుళ్లి కావచ్చును. అన్నిటికిని ఒకే మందు చల్లు రైతు నష్టపోవును. అట్లే సూది వేసిన పిమ్మట వచ్చిన ప్రతి తలనొప్పియు సూదివలననే యనుకొనుట అపాయకరము. వేఱు కారణము లివి.

మొదటిది రక్తపుపోటు. గర్భిణికి కలుగు రక్తపుపోటు వ్యాధి ప్రసవముతోనే ముగియదు. పిమ్మట ఆఱువారముల వఱకును రావచ్చును. తలనొప్పి, కన్నులు మసకవాఱుట, కడుపు పైభాగమున నొప్పి దీని గుఱుతులు. మన పెద్దలు గుఱ్ఱపువాతమని పేర్కొనిన మూర్ఛలు దీని తుదిరూపమే. బి.పి. చూచుటకు రెండు నిమిషములు చాలును.

రెండవది మెదడులోని సిరలలో రక్తము గడ్డకట్టుట. బాలింతలలో రక్తము సహజముగానే గడ్డకట్టు గుణము గలిగియుండును. ఒంటిలో నీరు తక్కువైనయెడల అది హెచ్చును. ఈ నొప్పి పండుకొనినను తగ్గక దినదినము పెరుగుచు, మూర్ఛయో, ఒక చేయి కాలు పడిపోవుటయో రావచ్చును.

మూడవది మెదడుపొరల వాపు. జ్వరము, మెడ కొయ్యవలె బిగియుట, వెలుతురు చూడలేకపోవుట, మాట తడబడుట దీని లక్షణములు. సూది వేయువాని నోటినుండి వెడలు క్రిములే కొన్ని చోట్ల దీనికి కారణమని తేలుటచే, సూది వేయునపుడు మూతికి గుడ్డ కట్టుకొనవలెనని 2007లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ సూచించెను. ఇది చేతులు కడుగుకొనుట వంటి సామాన్యపు జాగ్రత్త, కాని ప్రాణములు నిలుపును.

నాలుగవది మెదడుపై రక్తము చేరుట. నీరు బహుదినములు కాఱి మెదడు జాఱుటచే పొరక్రింద సన్నని సిర తెగవచ్చును. పండుకొనిన తగ్గుచుండిన నొప్పి, తరువాత పండుకొనినను తగ్గకపోయినచో, లేక మగత, వాంతులు తోడైనచో, దీనిని శంకింపవలెను. ఇది వారములు గడచిన పిమ్మటను రావచ్చును.

ఇవి గాక పూర్వమునుండి యున్న పార్శ్వపు తలనొప్పి, నిద్రలేమి, ఉపవాసము, నిత్యము కాఫీ త్రాగువారికి కాఫీ లేకపోవుటచే వచ్చు నొప్పియు గలవు. ఇవి అపాయకరములు కావు.

కాళ్లయందు గుఱుతులు

మత్తుమందు ప్రభావము సాధారణముగా రెండు మొదలు నాలుగు గంటలలో తగ్గనారంభించును. తగ్గిన కాలు మరల మొద్దుబాఱుట, నడుములో తీవ్రమైన నొప్పి, మూత్రము రాకపోవుట లేక తెలియక పోవుట, కూర్చుండు చోట స్పర్శ లేకపోవుట, ఇవి వెన్నులో రక్తపు గడ్డయో చీముగడ్డయో నరములను నొక్కుచున్నవనుటకు గుఱుతులు. రక్తపు గడ్డను 8 గంటలలోపల తీసినచో కాళ్లు తిరిగి వచ్చుటకు ఆశ హెచ్చు. "తెల్లవారనిమ్ము, చూతము" అను మాట ఇచ్చట పనికిరాదు. రక్తము పలుచబడు మందులు వాడువారు సూదికి ముందే వైద్యునికి తెలుపవలెననుటకు ఇదియే కారణము.

మందులోని దోషమువలనను కీడు కలుగవచ్చును. 1947 అక్టోబరు 13న ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డు వైద్యశాలలో ఒకేదినమున వెన్నుసూది వేయబడిన యిద్దఱు పురుషులకు కాళ్లు శాశ్వతముగా పడిపోయినవి. మందుసీసాలను ముంచియుంచిన ఫినాల్ ద్రవము కంటికి కనబడని పగుళ్లగుండ లోనికి దిగెనని న్యాయస్థానమున నిర్ణయమయ్యెను. సూదులు కాచు పాత్రను శుభ్రపఱచిన ఆమ్లమే కారణమని తరువాతి వైద్యులు కొందఱు వాదించిరి. 2012లో అమెరికాలో ఒక మందులశాల తయారుచేసిన స్టెరాయిడ్ మందులో బూజు చేరి, నడుమునొప్పికై దానిని వెన్నుకడ వేయించుకొన్నవారిలో 750 మందికి వ్యాధి సోకి, 60 మందికి పైగా మరణించిరి. కావున ఊరూర తిరిగి "ఒక్కసూదితో నడుమునొప్పి మాన్పెదము" అనువారిచేత వెన్నునకు సూది వేయించుకొనుట ప్రాణముతో జూదమాడుటయే.

అయినను భయము పెంచుట మా యుద్దేశము కాదు. 2009లో బ్రిటనులో ప్రకటింపబడిన పరిశీలనలో ఏడులక్షలకు పైగా ఇట్టి సూదులను లెక్కింపగా, శాశ్వతమైన హాని లక్షకు రెండు మొదలు నాలుగు మాత్రమే. సిజేరియనునకు ఒడలంతయు మఱపించు మత్తుకంటె ఈ సూదియే తల్లికి సాధారణముగా మేలు. "సూది వేసినది మొదలు జన్మమంతయు నడుమునొప్పియే" అనుమాటకును ఆధారము లేదు. గ్రుచ్చిన చోట కొన్నిదినములు నొప్పి యుండవచ్చును. అటుపిమ్మటి నొప్పి గర్భభారము, బిడ్డను మోయుట, వంగి పనిచేయుట వలననే హెచ్చుగా కలుగును.

పథ్యమును గూర్చి

బాలింతకు చెవులలో దూది పెట్టి తలకు గుడ్డ కట్టుట మన ఆచారము. దానివలన కీడు లేదు, కాని ఈ తలనొప్పి చలివలన వచ్చినది కాదు గావున దానివలన తగ్గదు. నీటిని కొలిచి గ్రుక్కెడు మాత్రమే యిచ్చు పథ్యము అట్టిది కాదు. పాలిచ్చు ఆవునకు నీటితొట్టి నిండుగ నుంచెడు రైతు, పాలిచ్చు తల్లికి దప్పి కలిగించుట న్యాయమా? నీరు త్రాగినంతనే సంచిలోని రంధ్రము పూడదు, నిజమే. కాని నీరు లేనిచో రక్తము చిక్కబడి, పైన చెప్పిన సిరల గడ్డకు దారియగును. మజ్జిగ, గంజి, కాచి చల్లార్చిన నీరు దప్పి తీఱునంత ఇయ్యవలెను.

సభ్యులు గుర్తుంచుకొనవలసినవి

1. సూదికి ముందు, రక్తము పలుచబడు మందులు, నడుముపై కురుపులు, జ్వరము, పూర్వపు తలనొప్పులు ఉన్నచో వైద్యునికి చెప్పవలెను.

2. వైద్యశాల విడుచునపుడు ఇచ్చిన కాగితమును భద్రపఱచవలెను. సూది యేనాడు వేసినది, ఏ మందిచ్చినది అందుండును. సంఘపు పాసుపుస్తకము దాచినచోటనే దానిని దాచవచ్చును.

3. తలనొప్పి వచ్చినచో, పండుకొనిన తగ్గునా లేదా యని గమనించి వైద్యునితో చెప్పవలెను. తగ్గుచున్నను సూది వేసిన చోటికి పోయి చూపుకొనవలెను. అంగడిలో మాత్రలు కొని వారములు గడపరాదు.

4. జ్వరము, మూర్ఛ, మగత, చూపు మసక, వస్తువు రెండుగా కనబడుట, పండుకొనినను తగ్గని నొప్పి, కాలి బలహీనత, మూత్రబంధము, వీనిలో ఏ యొక్కటి యున్నను ఆ గంటలోనే 108కి ఫోను చేయవలెను.

మన ప్రాంతమునకు వైద్యసహాయము దూరము కాదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి వైద్యశాల, రుయా వైద్యశాల, 1993లో ఆరంభమైన స్విమ్స్ సంస్థ గలవు. చిత్తూరు వైపువారికి వేలూరు చేరువ. ప్రసవవేళ వైద్యురాలు లేక స్త్రీలు మరణించుట చూచి కలతపడిన ఐడా స్కడ్డరు దొరసాని 1900లో ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాలయే అచ్చటి పెద్ద కళాశాల యైనది. ఆ కాలమున దారి లేక ప్రాణములు పోయినవి. నేడు దారి యున్నది, బండి యున్నది, వైద్యుడున్నాడు. లేచి కూర్చుండలేకున్నానని ఇంటి ఆడుబిడ్డ చెప్పినమాటను నమ్మి, ఆ దినమే బండి కట్టుట మనపని.